నిండు ట్యాంకుతో రా

కొండ మలుపు దగ్గరికి వచ్చేసరికి కారుకి ఊపిరి అందేది కాదు. పొగ వచ్చేది కాదు, చప్పుడు మారేది కాదు. కాలి కింద యాక్సిలరేటర్ మాత్రం నిద్రపోతున్న మనిషి చెయ్యిలా మెత్తబడిపోయేది. ఎంత నొక్కితే అంత దిగేది. ఇంజనుకి ఆ మాట చేరేది కాదు. వెనక లారీవాడు హారను మీద చెయ్యి పెట్టి తీసేవాడు కాదు. డ్రైవరమ్మ కారుని రోడ్డు వారకి తీసి, రాతి గోడ పక్కన ఆపి, తాళం తిప్పేసేది.

కాసేపు అక్కడే ఆగేవారు. లోయలోంచి ఎండ పైకి వచ్చేది. మళ్ళీ తాళం తిప్పితే కారు ఏమీ ఎరగనట్టు లేచి, మిగిలిన ఎత్తంతా ఒక్క గుక్కలో ఎక్కేసేది.

"నీ కారూ నాలాంటిదే డ్రైవరమ్మా," అనేవాడు వెనక సీటులో దర్జీ. "మధ్యలో కాసేపు పడుకోబెడితే గాని నడవదు. దానికీ ఒక మంచం రాయించు ఆస్పత్రిలో."

"రాయిస్తాను బాబాయ్. నీ పక్కదే ఇమ్మంటాను."

"నా పక్కన వద్దు. గురక పెడుతుంది."

అతని పక్కన కూర్చునే టీచరమ్మ నవ్వేది కాదు. ఆమె వెళ్ళేటప్పుడూ మాట్లాడదు, వచ్చేటప్పుడూ మాట్లాడదు. చేతికున్న కట్టు మీద రెండో చెయ్యి వేసుకుని, నిద్రపోయే పిల్లిని పట్టుకున్నట్టు కూర్చునేది.

ఇద్దరికీ మూత్రపిండాలు పనిచెయ్యవు. కొండకి ఇవతల ఇళ్ళు, అవతల ఆస్పత్రి. రోజు విడిచి రోజు వాళ్ళని తీసుకెళ్ళి, డయాలసిస్ అయ్యాక ఇంటి గుమ్మంలో దింపడం డ్రైవరమ్మ పని. ఆస్పత్రి రవాణా ఆఫీసరు తనంతట తనే పిలిచి అప్పజెప్పిన పని అది. ఎందుకంటే అంతకు ముందు ఆమె ఆ దారిలో, అదే కారులో, తన భర్తని అదే మంచానికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది.

డ్రైవింగు నేర్పింది అతనే. అప్పటికి స్టీరింగు తిప్పే ఓపిక పోయింది. పక్క సీటులో కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని నేర్పాడు. "క్లచ్ మీద కాలు ఆనించి విశ్రాంతి తీసుకోకు, అది ముక్కాలిపీట కాదు." "మలుపు దాకా వెళ్ళి కంగారు పడకు, కనపడగానే పడు, అప్పటికి సర్దుకుంటావు." అతను పోయాక ఆ సీటు ఖాళీగానే ఉంది. ఆ మాటలు మాత్రం ప్రతి మలుపులోనూ ఎక్కి, దాటగానే దిగిపోయేవి.

అందుకే ఆ ట్రిప్పులంటే ఆమెకి ప్రాణం. పొద్దున్నే ఎవరో తన కోసం చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంటారు. అతను పోయాక ఆమె పడక మీంచి లేవడానికి ఉన్న కారణం అదొక్కటే. కారు ఆగిపోతోందని ఆఫీసరు చెవిన పడితే ఆ కారణం కూడా పోతుంది. అది ఆమెకి తెలుసు. అందుకే మొదటిసారి ఆగిన మర్నాడే అన్నయ్య షెడ్డుకి పోయింది.

ఆమె అన్న మేస్త్రి. ఊరి చివర పెద్ద షెడ్డు. ఆస్పత్రి అంబులెన్సులన్నీ అక్కడే బాగవుతాయి. ఆ సంగతి షెడ్డు ముందు బోర్డు మీద షెడ్డు పేరుకంటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మంచి పనివాడు. శుభ్రమైన పనివాడు. దేన్ని విప్పినా, పైపు గానీ ట్యాంకు గానీ, ఆ కన్నంలో వెంటనే ఒక గుడ్డ కుక్కుతాడు. "విప్పి వదిలేస్తే దుమ్ము వచ్చి కాపురం పెడుతుందే," అంటాడు. గుడ్డల కోసం గోడకి ఒక మేకు ఉంది. ఇంట్లో పాతబడ్డ బట్టలన్నీ వదిన చింపి అక్కడ తగిలిస్తుంది.

ఆ మేకు వైపు చూడటం డ్రైవరమ్మ మానుకుంది. భర్త పోయిన కొన్నాళ్ళకి వదిన ఇంటికి వచ్చి, బీరువా తీసి, "ఇవన్నీ కళ్ళ ముందు పెట్టుకుంటే నీకు మనసు కుదుటపడదు అమ్మాయ్," అని అతని చొక్కాలన్నీ మూట కట్టింది. ఉంచమని అడగాలంటే నోరు రాలేదు. తరవాత షెడ్డుకి వెళ్ళినప్పుడు మేకుకి వేలాడుతూ కనపడ్డాయి. బూడిదరంగు గళ్ళ చొక్కా అన్నిటికంటే పైన ఉంది.

మేస్త్రికి ఇంకో పద్ధతి కూడా ఉంది. తను ఒకసారి బిగించినదాన్ని మళ్ళీ విప్పడు. "నా చెయ్యి పడ్డ చోట జబ్బుండదు. మిగతా చోట వెతుకు," అని పనివాళ్ళకి చెప్తాడు. షెడ్డులో అది వేళాకోళంగా మొదలై చట్టంగా మారింది.

కారు సంగతి విని అతను మొదట నవ్వాడు.

"ఎత్తులో ఏ గేరులో ఉంటావ్?"

"రెండు."

"రెండులోనే ఉండి, కాలు తీసేస్తున్నావేమో."

"తియ్యట్లేదన్నయ్యా. నేల దాకా నొక్కుతున్నాను. అది వినట్లేదు."

"సరే, రేపు ట్యాంకు నిండా డీజిలు పోయించుకుని రా. అడుగంటిన డీజిలుతో నేను బండి చూడను, పంపు పాడవుతుంది."

నింపుకుని వెళ్ళింది. అతను ఫిల్టరు విప్పి తెల్ల కాగితం మీద బోర్లించాడు. శుభ్రంగా ఉంది. గొట్టాలు సబ్బునీళ్ళతో తడిపి చూశాడు, ఎక్కడా గాలి లాగడం లేదు. టర్బో గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి తిప్పాడు. కంప్యూటరు తగిలిస్తే, ఎప్పుడో ఒకసారి డీజిలు ఒత్తిడి తగ్గిందని మాత్రం చూపించి ఊరుకుంది. ఒత్తిడి కొలిచే సెన్సరు మార్చాడు. తనే కొండ దాకా నడిపి వచ్చాడు. కారు పాట పాడుకుంటూ ఎక్కి దిగింది.

"అయిపోయింది పో," అన్నాడు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ట్యాంకు సగం కిందికి దిగాక ఒక పొద్దున మళ్ళీ ఆ మలుపులోనే ఆగింది. మళ్ళీ షెడ్డు, మళ్ళీ నిండు ట్యాంకు, మళ్ళీ ఏమీ లేదు. ఇంకేవో మార్చాడు. ప్రతిసారీ కారు అతని ముందు బుద్ధిమంతురాలైన కోడలిలా ఉండేది. ఆమెతో ఒంటరిగా ఉన్నప్పుడే నిజం బయట పెట్టేది.

"నీ మీద పగ ఏమైనా ఉందేమే దీనికి?" అన్నాడు మేస్త్రి. పనివాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇంటికి చేరేదాకా ఆమె మొహం మీదే ఎండిపోయి ఉండిపోయింది.

నవ్వలేనిది ఎండాకాలంలో జరిగింది. ఆస్పత్రి నించి తిరిగి వస్తుంటే మలుపు కింద కారు ఆగింది. ఈసారి వెంటనే లేవలేదు. కొంచెం దూరం లేచి, మళ్ళీ పడుకుంది. డయాలసిస్ అయిన మనిషికి ఒంట్లో సత్తువ ఉండదు. టీచరమ్మ పెదవులు తెల్లబడ్డాయి. దర్జీ తన కండువా తడిపి ఆమె తల మీద వేసి, జోకు కోసం వెతికి, దొరక్క ఊరుకున్నాడు. ఎవరో పాలవ్యానువాడు ఆపి ఇద్దరినీ ఇంటికి చేర్చాడు. సాయంత్రానికి టీచరమ్మ కొడుకు ఆఫీసరుకి ఫోను చేశాడు.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. "మీ అన్నగారు మా మేస్త్రే కదా. ఆయన్ని పెట్టుకుని నా ఎదురుగా ఒకసారి కొండ ఎక్కించండి. ఆయన బాగుందంటే బాగున్నట్టే," అన్నాడు.

ఆ పొద్దున మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు బంకుకి తీసుకెళ్ళి ట్యాంకు నింపించాడు.

"అన్నయ్యా, ఈసారి నింపకుండా చూద్దాం. సగానికి దిగాకే ఆగుతోంది. నేను గమనించాను."

"సగం ఏంటే, ఇంజనుకి కళ్ళున్నాయా ట్యాంకులోకి తొంగి చూడ్డానికి? చుక్క ఉన్నా ఒకటే, నిండా ఉన్నా ఒకటే."

"ఒకటే అయితే నింపడం ఎందుకు?"

"నా పద్ధతి," అన్నాడతను. స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. పక్కన, భర్త కూర్చునే సీటులో, ఆఫీసరు కూర్చున్నాడు. ఆమె తన కారులోనే వెనక సీటులోకి ఎక్కింది. దర్జీ కూర్చుని కూర్చుని గుంటపడ్డ చోట.

మలుపు వచ్చింది. ఆగిపో, అని ఆమె మనసులో కారుని బతిమాలింది. ఒక్కసారి, వీళ్ళ ముందు, నా పరువు కోసం ఆగిపో. కారు గాలిపటంలా పైకి పోయింది.

కొండ మీద దిగారు. మేస్త్రి బానెట్ మీద అరచెయ్యి ఆనించి, గుర్రాన్ని నిమిరినట్టు నిమిరి, ఆఫీసరుతో అన్నాడు. ఆమె మూడు బారల దూరంలో నిలబడి ఉంది. గాలి అటునించి ఇటే వీస్తోంది.

"బండిలో ఏం లేదు సార్. మా బావగారు పోయినప్పట్నుంచీ మా చెల్లికి ఈ ఎత్తంటే భయం. ఆయన్ని ఈ దారినే కదా తిప్పింది. మలుపు రాగానే తెలీకుండా కాలు తీసేస్తుంది. తీసేసి బండి ఆగింది అనుకుంటుంది. ఆడపిల్ల, ఒంటరిది. చెప్పినా వినదు."

అతని గొంతులో జాలి ఉంది. అబద్ధం చెప్తున్న మనిషి గొంతు కాదది. ఆఫీసరు ఆమె వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. బాధలో ఉన్నవాళ్ళని చూడకూడని చోట చూసినట్టు.

"మీరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండమ్మా," అన్నాడు. మర్నాటి నించి దర్జీనీ టీచరమ్మనీ ఆస్పత్రి వ్యాను తీసుకెళ్ళింది.

ఆ రాత్రి ఆమె తన కుడికాలి వైపు చాలాసేపు చూసింది. నిజంగా తీసేస్తోందా? మనిషికి తెలియకుండా కాలు కదులుతుందా? ఆ మాట అన్నది పరాయివాడైతే కొట్టిపారేసేది. చిన్నప్పుడు ఆమె కాలికి ముల్లు గుచ్చుకుంటే తియ్యడానికి ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వని అన్న అన్నాడు. అందుకని మాట లోపలికి దిగి, దిగినచోట ఉండిపోయింది.

తరవాత బేకరీవాడికి రొట్టెలు చేరవేసే పని దొరికింది. ఊళ్ళోనే, చదును రోడ్డు మీద. రొట్టెలు ఫిర్యాదు చెయ్యవు. ట్యాంకు నింపే అవసరం కూడా లేకపోయింది. ఏ పూటకి కావలసింది ఆ పూట పోయించుకునేది. డీజిలు చూపించే ముల్లు ఎప్పుడూ ఎర్రగీత పక్కనే ఆడుతుండేది.

ఒక మధ్యాహ్నం బేకరీ వీధిలో కారు ఆగింది. అక్కడ కొండ లేదు. మలుపు లేదు. భర్త జ్ఞాపకం కూడా లేదు, అతను ఆ వీధికి ఎప్పుడూ రాలేదు. ఆమె కాలు చూసుకుంది. పాదం పెడలు మీద పూర్తిగా, నేల దాకా, మేకు కొట్టినట్టు ఉంది.

అప్పుడు ఆమె తలెత్తి, ఎర్రగీత మీద వణుకుతున్న ముల్లు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

ఆ ముల్లు ఒకప్పుడు పనిచేసేది కాదు. ట్యాంకు ఎండిపోయినా నిండుగా ఉందనే చూపించేది. దాన్ని బాగుచేసింది అన్నయ్యే. వెనక సీటు లేపి, దాని కింద ట్యాంకు మూత విప్పి, లోపల డీజిలు మట్టం కొలిచే తేలుడు కడ్డీ బయటికి తీశాడు. తీసి, ఆ కన్నంలో గుడ్డ కుక్కాడు. కడ్డీకి తీగ అతికించేలోపు ఎవరో అంబులెన్సు తెచ్చారు. అతను అటు పోయాడు, వచ్చాడు, కడ్డీ పెట్టి బిగించేశాడు. ముల్లు ఆరోజు నించి నిజం చెప్పడం మొదలుపెట్టింది. కారు ఆగడం మొదలైంది కూడా ఆ తరవాతే. అన్నయ్య చెయ్యి పడిన చోటు కనక అటువైపు ఎవరూ చూడలేదు. తనూ చూడలేదు.

ఇంటి ముందు కారు నాలుగు తలుపులూ బార్లా తీసి పెట్టింది. వెనక సీటు లేపింది. మూత బిగించిన ఉంగరాన్ని చెక్కముక్కతో, సుత్తితో, అతను కొట్టగా చూసినట్టే కొడుతూ తిప్పింది. డీజిలు వాసన గుప్పున లేచింది. టార్చి వేసి చూస్తే అడుగున పల్చగా పచ్చని వెలుగు, ఆ వెలుగులో ఒక చీకటి ముక్క, పీల్చే గొట్టం మూతికి అతుక్కుని ఉంది. ఇంజను ఆపి కాసేపైంది కదా. ఆమె చూస్తుండగానే అది మెల్లిగా వదులై, జారి, మూలకి పోయి పడుకుంది.

అంతే. ట్యాంకు నిండుగా ఉంటే డీజిలు ఊగదు, గుడ్డ మూల వదలదు. తగ్గితే ఎత్తులో, కుదుపులో కొట్టుకుంటూ గొట్టం దగ్గరికి చేరుతుంది. గొట్టం పీలుస్తుంది, అది నోటికి అడ్డం పడుతుంది. ఇంజను ఆపితే వదిలేస్తుంది. ఇంత చిన్న సంగతి.

వంచిన తీగతో బయటికి లాగింది. పిండింది. ఆకుపచ్చగా కారిపోయాక కింద నించి గళ్ళు బయటపడ్డాయి. బూడిదరంగు గళ్ళు. మోచేతి దగ్గర ఒక కుట్టు, నీలం దారంతో. ఆరోజు బూడిదరంగు దారం దొరక్క తనే నీలంతో కుట్టింది. "ఎవరు చూస్తారే మోచెయ్యి," అన్నాడతను, చొక్కా తొడుక్కుంటూ.

ఆమె ఆ గుడ్డని పట్టుకుని గుమ్మంలో కూలబడింది. ఏడుపు వస్తుందనుకుంది. వచ్చింది కోపం.

మర్నాడు దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. జరిగిందంతా చెప్పింది. గొంతు పెరగకుండా జాగ్రత్త పడింది, పెరిగితే అదీ భయం కిందే కడతారని. ఆఫీసరు సంచిలోకి చూశాడు, వాసనకి ముక్కు ముడిచాడు.

"ఒక్క నిమిషమమ్మా," అని ఫోను తీసి, మాట బయటికి వినపడేలా బల్ల మీద పెట్టాడు. "మేస్త్రీ, మీ చెల్లెలుగారు వచ్చారు. ట్యాంకులో గుడ్డ ఉందంటున్నారు. మీ షెడ్డుదే అంటున్నారు."

అవతల సుత్తి చప్పుడు ఆగింది.

"గుడ్డా?" అన్నాడు మేస్త్రి. ఆ తరవాత మాట రావడానికి పట్టిన సమయంలో అన్నీ ఉన్నాయి. వెనక సీటు, ఉంగరం, అంబులెన్సు కోసం లేచి వెళ్ళడం. అతనికి గుర్తొచ్చిందని ఆమెకి ఆ నిశ్శబ్దంలో స్పష్టంగా వినపడింది.

"మా షెడ్డులో అలా జరగదు సార్. మీ అంబులెన్సులు చూసే చేతులివి. అది మా గుడ్డ కాదు. మా చెల్లిని ఏమీ అనకండి సార్. పాపం, ఏదో ఒకటి ఊహించుకుంటూ ఉంటుంది."

ఆఫీసరు ఫోను పెట్టేసి, సంచిని వేలితో ఆమె వైపు జరిపాడు. "బండి బాగైంది కదమ్మా, సంతోషం. మీ సంగతి తరవాత చూద్దాం," అన్నాడు. మీ సంగతి, అన్నాడు. బండి సంగతి అనలేదు.

షెడ్డులో అంబులెన్సు జాకీ మీద ఉంది. దాని కిందనించి మేస్త్రి కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. ఆమె చెప్పుల చప్పుడు గుర్తుపట్టి కాళ్ళు కదలకుండా ఉండిపోయాయి.

"బయటికి రా అన్నయ్యా."

వచ్చాడు. లేవలేదు, నేల మీదే కూర్చున్నాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"ఏం చెయ్యమంటావ్ చెప్పు?" అన్నాడు చిన్నగా. "ట్యాంకులో గుడ్డ మర్చిపోయానని ఆయనకి చెప్తే ఇవన్నీ రేపే పోతాయి. ఇంతమంది పనివాళ్ళు. వదిన. నీకైతే ఒక్క కారే. నీకు నేను లేనా?"

"భయంతో కాలు తీసేస్తుందన్నావు."

"అప్పుడు నిజంగా అలాగే అనుకున్నానే."

"ఇందాక ఫోనులో?"

అతను అంబులెన్సు చక్రం వైపు చూశాడు. లోపల్నించి వదిన కేక వేసింది, "అమ్మాయ్, టీ పెడుతున్నా, తాగి వెళ్ళు!"

డ్రైవరమ్మ గోడ దగ్గరికి నడిచింది. చాలా కాలానికి ఆ మేకు వైపు తిన్నగా చూసింది. బనియన్లు, లంగాలు, తువ్వాళ్ళ ముక్కలు. వాటి అడుగున బూడిదరంగు గళ్ళు, కాలరూ సగం వీపూ, ఒక చెయ్యి లేకుండా. తీసి మడతపెట్టింది.

మేస్త్రి అలవాటుగా నల్లటి చెయ్యి చాచాడు. "ఆ గుడ్డ ఇటివ్వు. చేతులు తుడుచుకోవాలి."

"మీ గుడ్డ కాదన్నావుగా అన్నయ్యా," అంది ఆమె.

అతని చెయ్యి చాచినది చాచినట్టే ఉండిపోయింది. ఆమె టీ కోసం ఆగలేదు.

ఆరోజు రొట్టెలు దింపాక ఇంటికి పోకుండా కొండ వైపు తిప్పింది. ముల్లు ఎర్రగీత కింద ఉంది. పక్క సీటు మీద చొక్కా ముక్కలు రెండూ ఉన్నాయి, ఒకటి డీజిలు వాసన, ఒకటి గ్రీజు వాసన. మలుపు వచ్చింది. కాలు నేల దాకా నొక్కింది. కారు ఒక్క తడబాటు లేకుండా, ఎవరూ చూడకుండా, ఖాళీగా పైకి ఎక్కింది.

ఎదురుగా ఆస్పత్రి వ్యాను దిగుతోంది. కిటికీలో దర్జీ ఉన్నాడు. ఆమె హారను కొట్టింది. అతను అద్దానికి తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వ్యాను దాటిపోయింది.